చిలుమంతా చిలుము కాదు

మా నాయనమ్మ పూజగదిలో ఇత్తడి భరిణె నిండా ఉన్న రాగి నాణేలు ఆవిడ తదనంతరం నా దగ్గరకు చేరాయి. వాటిలో ఎక్కువ 1835 నాటి ఈస్టిండియా కంపెనీ పావు అణాలు, అంటే పాతకాలం వాళ్లు కానీ అని పిలుచుకున్నవి. ఒకటి మాత్రం వాటికంటే పెద్దది. మద్రాసు ప్రెసిడెన్సీ కోసం ఇంగ్లండులోని సోహో టంకశాలలో 1808లో ముద్రించిన ఇరవై కాసుల నాణెం. రాగి చెంబు తోమినట్టే ఒక కానీని చింతపండుతో తోమాను. నిమిషంలో అది తళతళలాడింది. నూట ఎనభై ఏళ్లకు పైగా పేరుకున్న గోధుమరంగు పొర చింతపండు పులుసుతో పాటు తూములోకి పోయిందని నాకు ఆ తరువాతే అర్థమైంది.

రాగి మీద ఏ పచ్చదనం కనిపించినా మనం చిలుము అనే ఒక్క మాటతో సరిపెడతాం. నిజానికి గాలికీ తేమకూ రాగి తనంతట తాను మారి కట్టుకున్న గోధుమ, నలుపు, గట్టి ఆకుపచ్చ పొరలు నాణెంలో భాగమే, వాటిని తీయకూడదు. మట్టి, నూనె జిడ్డు, కుంకుమ, ప్లాస్టిక్ నుంచి ఊరిన జిగురు మాత్రమే బయటి నుంచి వచ్చినవి. పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం కింద తేడా చాలావరకు తెలుస్తుంది. సొంత పొర అక్షరాల ఎత్తుపల్లాలను అనుసరించి పలుచగా పరుచుకుంటుంది. పరాయి పదార్థం పల్లాలలో గడ్డకట్టి, అక్షరాల అంచులను కప్పేస్తుంది.

ఇరవై కాసుల నాణెం మీద, ‘ఇరవై కాసులు నాలుగు ఫలూసులు’ (ఫలూసు అంటే అప్పటి రాగి నాణెం) అనే అర్థం వచ్చే పారసీ రాతలో చుక్కల చుట్టూ, నల్లని ఎరుపు ముద్ద ఒకటి పట్టి ఉంది. రాత్రంతా డిస్టిల్డ్ వాటర్‌లో నానబెడితే అది చెక్కుచెదరలేదు, ఎందుకంటే కుంకుమను పట్టి ఉంచింది దీపపు నూనె. గాజు గిన్నెలో అసిటోన్ (నూనెలను కరిగించే, ఇట్టే మంట అంటుకునే ద్రవం) పోసి, కిటికీలు తెరిచి, పొయ్యికి దూరంగా రెండు గంటలు ఉంచాక ముద్ద మెత్తబడింది, దూదికి పసుపు ఛాయ అంటింది. (గోళ్ల రంగు తుడిచే ద్రవంలో అసిటోన్ ఉన్నా, నూనెలు, సువాసనలు కూడా కలిపి ఉంటాయి కనుక దాన్ని వాడకూడదు.) మిగిలినదాన్ని చీపురుపుల్ల మొనతో, రాగిని గీరకుండా, పక్కకు నెడుతూ తీశాను. దాని అడుగున మైనంలాంటి ఆకుపచ్చ పదార్థం బయటపడింది. పాతబడిన నూనెలోని ఆమ్లాలు రాగిని కొద్దికొద్దిగా తిన్నప్పుడు ఏర్పడేది ఇదే. సగం నూనెది, సగం నాణేనిది. అది పోయిన చోట చిన్న గుంట మిగిలింది.

ఇంకో రెండు కానీల మీద జిగటగా ఉన్న పచ్చని చారలకు కారణం నేనే. వాటిని మెత్తని పీవీసీ కవర్లలో పెట్టాను. ఆ జిగురు అసిటోన్‌కు పూర్తిగా లొంగింది. కవర్లన్నీ పారేసి మైలార్ కవర్లు, అంటే పీవీసీ లేని పాలిస్టర్ కవర్లు, తెచ్చుకున్నాను.

అసిటోన్ అసలు పనిచేయనిది, తుడిచినా కొద్ది వారాలకే మళ్లీ లేచే లేత ఆకుపచ్చ పొడి. కంచు రోగం అని పేరున్నా అది రాగికీ వస్తుంది. లోహంలో దాగిన ఉప్పులోని క్లోరైడు, తేమతో, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి రాగిని తినేస్తూ ఉంటుంది. 1809 జనవరిలో కెంట్ తీరాన గుడ్‌విన్ ఇసుక తిన్నెల మీద మునిగిన అడ్మిరల్ గార్డనర్ ఓడలో ఇదే ఇరవై కాసుల నాణేలు టన్నుల కొద్దీ ఉన్నాయి. అలా సముద్రంలో నానినవి కొనేవాళ్లు ముందుగా చూడవలసింది ఈ పొడినే. నా కానీలలో ఒకదానికి అది కనిపించింది. దాన్ని సోడియం సెస్క్వికార్బొనేట్ (క్లోరైడును బయటికి లాగే తేలికపాటి క్షారం) ద్రావణంలో, వారానికోసారి మారుస్తూ రెండు నెలలు ఉంచి, కడిగి, ఆరబెట్టి, సిలికా జెల్ పొట్లంతో గట్టి మూత సీసాలో వేరుగా పెట్టాను. చింతపండుతో తోమిన కానీ మాత్రం ఇప్పటికీ విడిగానే ఉంది. దాని మీద ముద్రించిన కంపెనీ చిహ్నంలోని సింహాల వీపుల మీద ఈ ఏడాదే కాస్త గోధుమరంగు తిరిగింది.