మూడు ఊళ్ళ నుంచి ఒకే భవనం: నా అనుభవం

నేను ఆర్కిటెక్ట్‌ని. ఒక లైబ్రరీ భవనం డిజైన్‌కి స్ట్రక్చరల్ ఇంజనీరుగారు ఒక ఊళ్ళో, ఏసీ పని చూసే మేడమ్ ఇంకో ఊళ్ళో ఉండేవారు. మొదట్లో డ్రాయింగులన్నీ మెయిల్లోనే. 'ఫైనల్', 'ఫైనల్ 2', 'కొత్త ఫైనల్' అంటూ ఫైళ్ళు పేరుకుపోయాయి. ఇంజనీరుగారు మూడు రోజులుగా పాత ప్లాన్ మీదే బీములు డిజైన్ చేస్తున్నారని తెలిసేసరికి ప్రాణం ఉసూరుమంది. ఆ వారమే అందరం క్లౌడ్‌కి మారాం.

ఆయనా నేనూ భవనాన్ని కంప్యూటర్లో త్రీడీ మోడల్‌గా గీసే రెవిట్ సాఫ్ట్‌వేర్ వాడతాం. కొత్త వెర్షన్‌లో సేవ్ చేసిన ఫైలు పాతదాంట్లో తెరుచుకోదు కాబట్టి ముందు వెర్షన్ ఒకటే అనుకున్నాం. మేడమ్‌ది వేరే సాఫ్ట్‌వేర్, ఆవిడ మోడల్ ఐఎఫ్‌సీ ఫైలుగా, అంటే వేర్వేరు సాఫ్ట్‌వేర్లు చదవగలిగే ఉమ్మడి ఫార్మాట్‌లో వచ్చేది. అది చూసుకోవడానికే, డక్ట్ (ఏసీ గాలి వెళ్ళే గొట్టం) జరపాలంటే ఆవిడే జరపాలి. భవనాల డిజైన్ సమాచారాన్ని ఎలా నిర్వహించాలో చెప్పే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 19650లో చెప్పినట్టు పని జరుగుతున్నవి, పంచుకున్నవి, ఆమోదించినవి వేరువేరు ఫోల్డర్లలో పెట్టాం.

మూడు మోడళ్ళూ కలిపి తెరిచిన రోజు చూస్తే, నా టైల్స్‌ని మింగేసి స్లాబ్ పైకి వచ్చేసింది. ప్రతి అంతస్తులోనూ సరిగ్గా 75 మిల్లీమీటర్లు. టైల్స్ వేశాక ఉండే పైభాగం నాకు జీరో, స్లాబ్ పైభాగం ఆయనకు జీరో. ఇన్ని ఫోన్‌కాల్స్‌లో ఆ మాటే రాలేదు! లెవెల్స్ నా మోడల్‌లోవే ప్రమాణమనీ, స్లాబ్ 75 కిందికి దించాలనీ అనుకున్నాం.

అసలు టెన్షన్ రీడింగ్ హాల్లో వచ్చింది. అంతస్తు ఎత్తు 3.6 మీటర్లు, బీము లోతు 600 మిల్లీమీటర్లు. దాని కింద అడ్డంగా 350 డక్ట్, ఇన్సులేషన్‌తో 400. పై అంతస్తు టైల్స్‌కి 75, సీలింగ్ ఫ్రేముకి కొంత కూడా తీసేస్తే సీలింగ్ 2.4 మీటర్లకి దిగిపోతోంది. గంటల తరబడి చదువుకునే చోట 2.7 అయినా లేకపోతే నాకు మనసొప్పదు. డక్ట్ దూర్చడానికి బీముకి అంత పెద్ద రంధ్రం కుదరదని ఇంజనీరుగారు ముందే చెప్పేశారు.

ఆ చోటు చూపిస్తూ బీసీఎఫ్‌లో (మోడల్‌లోని సమస్యలను ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి పంపుకునే ఫార్మాట్) ఇష్యూ పంపాను. నేను చూసిన కోణం, ఆ బీము ఐడీ దానితోపాటే వెళ్తాయి, తెరిస్తే నేరుగా ఆ మూలకే చేరతాం. ఫోన్లో అరగంట వర్ణించినా అంత స్పష్టంగా చెప్పలేను. మర్నాడు ముగ్గురం కాల్‌లో అదే చోట భవనాన్ని నిలువుగా కోసినట్టు చూపే సెక్షన్ చూస్తుంటే మేడమ్ అన్నారు: "మెయిన్ డక్ట్‌ని బీములకి అడ్డంగా కాకుండా వాటి మధ్య నుంచి తీసుకెళ్తే?"

స్లాబ్ 150. దాని కింద బీముల మధ్య 450 జాగా ఉంది, 400 డక్ట్ పట్టేస్తుంది. రెండు రోజులకి కొత్త ఐఎఫ్‌సీ వచ్చింది. సెక్షన్ తీసి సీలింగ్ ఎత్తు కొలిచాను, 2.7. ఇష్యూ క్లోజ్ చేశాను.