సీసీజే ఉన్నా మార్ట్‌గేజ్ వస్తుంది, తేదీలు చూసుకోండి

ఇక్కడ యూకేలో మనవాళ్ళు ఎవరైనా గ్రూపులో కాకుండా నాకు విడిగా మెసేజ్ పెట్టారంటే విషయం దాదాపు ఒకటే అయ్యుంటుంది: "అన్నా, నా క్రెడిట్ ఫైల్ మీద సీసీజే ఉందట, ఇక మార్ట్‌గేజ్, అదే ఇంటి లోను, రాదా?" వస్తుంది. ఎవరు ఇస్తారు, ఎంత డిపాజిట్ అడుగుతారు, ఎంత వడ్డీ వేస్తారు అన్నదే తలనొప్పి. మా పిన్ని కొడుకు ఈ తతంగమంతా పడుతుంటే నేను పక్కనే ఉన్నాను, వాడి ఫైలు నా లాప్‌టాప్‌లోనే ఎక్కువ కాలం ఉంది, కాబట్టి తెలిసింది తెలిసినట్టు రాస్తున్నాను. ఇదంతా ఇంగ్లండ్, వేల్స్ సంగతి. స్కాట్లాండ్‌లో కోర్టులూ వేరు, పద్ధతులూ వేరు.

సీసీజే అంటే కౌంటీ కోర్ట్ జడ్జిమెంట్. మనం బాకీ ఉన్నామని ఎవరో కేసు వేసి, కోర్టుతో అవునని చెప్పించుకోవడం. కోర్టు మాట వినగానే ఊళ్ళో అమ్మానాన్నలు పోలీసులొస్తారేమో అన్నంత కంగారు పడతారు గానీ ఇది సివిల్ వ్యవహారం, క్రిమినల్ రికార్డులోకి ఎక్కదు. చాలావాటిలో జడ్జి ముందు ఎవరూ నిలబడరు కూడా. నార్తాంప్టన్‌లోని కోర్టు సెంటర్ నుంచి క్లెయిమ్ ఫారం పోస్టులో వస్తుంది, 14 రోజుల్లో జవాబివ్వాలి, ముట్టిందని తెలియజేస్తే 28 రోజుల గడువు దొరుకుతుంది. జవాబే లేకపోతే అవతలివాళ్ళు అడగడం, డిఫాల్ట్ తీర్పు పడిపోవడం, అంతే. ఆ కవరు మనం ఖాళీ చేసి వచ్చేసిన ఇంటికి వెళ్తే? అక్కడ కొత్తగా దిగినవాళ్ళు షూ ర్యాక్ మీద పడేస్తారు.

మావాడికి జరిగింది ఇదే. కోవెంట్రీలో మాస్టర్స్ చేసేటప్పుడు సెకండ్ హ్యాండ్ కారు కొన్నాడు, ఉద్యోగం వచ్చి రెడింగ్‌కి మారాడు, బ్యాంకుల్లో అడ్రస్ మార్చాడు, వాహనాల రిజిస్ట్రేషన్ చూసే డీవీఎల్ఏ దగ్గర కారు లాగ్‌బుక్ మాత్రం పాత అడ్రస్ మీదే ఉండిపోయింది. ఎక్కడో రిటైల్ పార్కులో ఉచితంగా ఆపుకోనిచ్చే టైము దాటిందని కెమెరా నంబరు ప్లేటు పట్టేసింది, పార్కింగ్ కంపెనీ డీవీఎల్ఏ నుంచి అడ్రస్ తీసుకుంది, ఉత్తరాలన్నీ కోవెంట్రీకే పోయాయి. ఇక్కడ వీడు క్రెడిట్ స్కోరు యాప్ చూసుకుని బ్రహ్మాండం అనుకుంటూ ఇళ్ళు చూడ్డానికి తిరుగుతున్నాడు. ఒక బ్యాంకు డెసిషన్ ఇన్ ప్రిన్సిపుల్ (అప్పిస్తామన్న ముందస్తు మాట) ఇవ్వనన్నాకే, మన అప్పుల చరిత్ర రాసిపెట్టే మూడు క్రెడిట్ ఏజెన్సీల పూర్తి రిపోర్టులూ తెప్పించుకున్నాడు.

ఆ రిపోర్టులో సీసీజే ఎలా కనబడుతుందో చూడనివాళ్ళకి చెప్తాను. పబ్లిక్ రికార్డ్స్ అనే చోట ఒక కోర్టు పేరు, ఒక కేసు నంబరు, 262 పౌండ్లు, తీర్పు తేదీ, పక్కన యాక్టివ్ అనే మాట, అంటే ఇంకా కట్టలేదని. అంతే. కేసు వేసింది ఎవరో వాడి రిపోర్టులో లేదు. ఎవరికి బాకీ ఉన్నాడో తెలుసుకోవడానికి కూడా వాడు ఆ నంబరు పట్టుకుని కోర్టుకి ఫోన్ చేసి, సంగీతం వింటూ కూర్చోవాల్సి వచ్చింది.

స్కోరు ఎంత అన్నది ఇక్కడ నిజంగా పెద్ద లెక్కలోది కాదు. ఆ నంబరు యాప్ వాళ్ళు మన కోసం వేసేది. అప్పిచ్చేవాడికి అది అక్కర్లేదు, వాడు ఫైలు తెరిచి తన సొంత లెక్క వేసుకుంటాడు. సీసీజే విషయంలో వాడు చూసేవి: తీర్పు ఏ రోజు పడింది, కట్టేశారా, కడితే ఎప్పుడు, ఎంత మొత్తం, ఎన్ని ఉన్నాయి. తీర్పు తేదీ నుంచి ఒక నెలలోపు మొత్తం కట్టేస్తే ఆ ఎంట్రీని కోర్టు తీర్పుల రిజిస్టర్ నుంచి పూర్తిగా తీసేస్తారు, అసలు లేనట్టే. నెల దాటాక కడితే శాటిస్‌ఫైడ్ (కట్టేశారు) అని రాస్తారు గానీ ఎంట్రీ మాత్రం తీర్పు తేదీ నుంచి 6 ఏళ్ళు అలాగే ఉంటుంది. అసలు కట్టకపోయినా 6 ఏళ్ళకి పోతుంది, కానీ కట్టనిదాన్ని చూసి చాలామంది లెండర్లు మొహం తిప్పేసుకుంటారు. అందుకే నెల ఇంకా దాటలేదంటే, ఎంత అన్యాయంగా అనిపించినా, ముందు కట్టి పడేయండి అంటాను నేను. "చెయ్యని తప్పుకి ఎందుకు కట్టాలి" అని మా బాబాయ్ ఫోన్‌లో గంటసేపు వాదించారు. ఆయన మాట న్యాయమే, కానీ మార్ట్‌గేజ్ వాడికి న్యాయంతో పనిలేదు, తేదీతోనే పని.

మావాడికి నెల ఎప్పుడో దాటిపోయింది. మిగిలిన దారి తీర్పునే కొట్టేయించుకోవడం, సెట్ ఎసైడ్ అంటారు. ఎన్244 ఫారం నింపాలి, ఫీజు 300 పౌండ్లు దాటుతుంది, అంటే వాడి బాకీ కంటే ఎక్కువ. తీర్పు తప్పుగా పడిందని చూపిస్తే, ఉదాహరణకి గడువు తీరకముందే పడితే, కోర్టు కొట్టేయక తప్పదు. లేదంటే మనకి గట్టి వాదన ఉందని, తెలిసిన వెంటనే కోర్టుకి వచ్చామని చూపించాలి. ఉత్తరం నాకు అందలేదు అన్న ఒక్క మాట సరిపోతుందనుకుంటారు చాలామంది. మన చివరి అడ్రస్ అని వాళ్ళకి తెలిసినచోటికి పంపితే, మనం అక్కడ లేమని అనుమానించే కారణం వాళ్ళకి లేకపోతే, అది అందినట్టే లెక్క కావచ్చు. ఇక ఆ "వెంటనే" అన్నదాన్ని జడ్జిలు చాలా సీరియస్‌గా తీసుకుంటారు. మావాడు మధ్యలో క్రెడిట్ రిపేర్ చేస్తామన్న ఒక సంస్థకి డబ్బు కట్టి కొన్ని నెలలు ఎదురుచూశాడు. విచారణలో జడ్జి అడిగిన మొదటి ప్రశ్న: ఎప్పుడు తెలిసింది, ఇప్పుడెందుకు వచ్చారు? అప్లికేషన్ కొట్టేశారు. నిజంగా పడిన సీసీజేని డబ్బు తీసుకుని మాయం చేసే మంత్రం ఎవరి దగ్గరా లేదు. నెలలోపు కట్టడం, కోర్టు కొట్టేయడం, 6 ఏళ్ళు గడవడం, ఈ మూడు దారుల్లోనే అది పోతుంది.

ఆ తర్వాత వాడు బాకీ కట్టేసి, ఎన్443 ఫారంతో శాటిస్‌ఫాక్షన్ సర్టిఫికెట్ తీసుకున్నాడు. మూడు ఏజెన్సీల్లోనూ మార్పు ఒకేరోజు రాలేదు, ఒకదాంట్లో మారి ఇంకోదాంట్లో యాక్టివ్ అనే ఉంది కొన్నాళ్ళు. ఆ తేడా ఉండగా అప్లై చేస్తే పని చెడుతుంది, ఎందుకంటే ఏ బ్యాంకు ఏ ఏజెన్సీని చూస్తుందో మనకి తెలియదు.

ఇక అప్పిచ్చేవాళ్ళ సంగతి. మనం జీతం వేయించుకునే పెద్ద బ్యాంకులు కొన్ని చిన్న మొత్తాన్ని, కట్టేసి కొన్నేళ్ళయినదాన్ని చూసీ చూడనట్టు వదిలేస్తాయి. కొన్నింటిలో కంప్యూటరే కాదనేస్తుంది, మేనేజర్ ఎంత మంచివాడైనా ఏం చేయలేడు. తీర్పు ఏడాదిలోపుది అయితే దాదాపుగా స్పెషలిస్టు లెండర్ల దగ్గరికే వెళ్ళాలి: పెప్పర్ మనీ, ప్రిసైజ్ లాంటివాళ్ళు. వీళ్ళ పని ఎక్కువగా బ్రోకర్ల ద్వారానే నడుస్తుంది. అందుకే ముందు బ్రోకర్‌ని పట్టుకోండి, ఆర్థిక సంస్థల మీద అజమాయిషీ చేసే ఎఫ్‌సీఏ రిజిస్టర్‌లో పేరుందో లేదో చూసుకుని. మొదటి ఫోన్‌లోనే సీసీజే సంగతి చెప్పేయండి, మూడు రిపోర్టులూ పంపేయండి. డాక్టరు దగ్గర జబ్బు దాచినట్టు బ్రోకర్ దగ్గర దాచేవాళ్ళున్నారు, ఆఖరికి తెలిసేది ఎలాగూ తెలుస్తుంది, ఈలోపు హార్డ్ సెర్చ్‌లు (అప్పు కోసం అప్లై చేసినట్టు ఫైలులో కనబడే నమోదులు) పడి ఫైలు ఇంకా పాడవుతుంది. ఫారంలో "ఎప్పుడైనా సీసీజే పడిందా" అని ఉంటే 6 ఏళ్ళు దాటినదైనా ఉన్నదున్నట్టు రాయండి. అబద్ధం రాశారని సిఫాస్ మార్కర్ (మోసం చేశారన్న గుర్తు) పడితే దాని ముందు సీసీజే ఏపాటి?

డిపాజిట్ 5 శాతం, 10 శాతం అన్న ఆశ చాలావరకు వదిలేసుకోవాలి. 15 నుంచి 25 శాతం మధ్యలో అనుకుంటే మంచిది, వీసా మీద ఉన్నవాళ్ళకి మరీను. వీసా ఒక్కటే అయితే ఇచ్చేవాళ్ళు బోలెడు మంది, సీసీజే ఒక్కటే అయినా ఉన్నారు, రెండూ కలిసి వస్తే లిస్టు ఠక్కున తగ్గిపోతుంది. మావాడికి 15 శాతం మీద దొరికింది, వడ్డీ మాత్రం వాడి ఆఫీసు స్నేహితుడికి వచ్చినదానికంటే ఒకటిన్నర శాతం ఎక్కువ. రెండున్నర లక్షల పౌండ్ల అప్పు మీద ఒకటిన్నర శాతమంటే మొదటి ఏడాది దాదాపు 3,750 పౌండ్లు. పార్కింగ్ బాకీ 262.

భార్య ఒక్కదాని పేరు మీదే తీసుకోవచ్చు కదా అని అడుగుతారు. తీసుకోవచ్చు, ఆమె ఫైలు శుభ్రంగా ఉంటే అదే మంచి దారి కూడా. కానీ జీతానికి నాలుగున్నర రెట్లు లెక్క వేసుకుంటే 35,000 పౌండ్ల జీతానికి వచ్చేది 1,57,500, రెడింగ్‌లో దానికి ఫ్లాటు కూడా కష్టం. జాయింట్ అకౌంటో, జాయింట్ లోనో ఉంటే ఇద్దరి ఫైళ్ళకీ ముడిపడి ఉంటుంది, లెండరు భర్త ఫైలు కూడా తొంగి చూడొచ్చు. ఒకే ఇంట్లో ఉన్నంత మాత్రాన, పెళ్ళయినంత మాత్రాన ఆ ముడి పడదు. మా మరదలు నేను ఒక్కదాన్నే తీసుకుంటానంది, వీడికి చిన్నతనమనిపించింది, ఆ గొడవలోకి నేను వెళ్ళను.

డిపాజిట్ పెంచడానికి ఇంటి నుంచి డబ్బు తెప్పించుకునేవాళ్ళకి ఒక మాట. బాబాయ్ తెనాలి దగ్గర స్థలం అమ్మి పంపారు. విదేశాలకి డబ్బు పంపడానికి ఆర్‌బీఐ పెట్టిన ఎల్ఆర్ఎస్ కింద ఒక్కొక్కరు ఆర్థిక సంవత్సరానికి రెండున్నర లక్షల డాలర్ల దాకా పంపొచ్చు కాబట్టి అక్కడ ఇబ్బంది రాలేదు. ఇల్లు కొనే కాగితాలు చూసే ఇక్కడి సొలిసిటర్ మాత్రం ఇది తిరిగివ్వక్కర్లేని డబ్బని గిఫ్ట్ లెటర్ అడిగింది, అది ఎక్కడినుంచి వచ్చిందో చూపించమంది. అమ్మకం దస్తావేజు స్టాంపు పేపర్ల మీద తెలుగులో ఉంది, చుట్టూ హద్దులతో సహా, తూర్పు ఫలానావారి మాగాణి, పడమర డొంక అంటూ. ఆ పేజీలన్నీ సర్టిఫైడ్ అనువాదం చేయించి ఇచ్చేసరికి ఇల్లు అమ్మేవాళ్ళ ఏజెంటు రోజూ ఫోన్ చేయడం మొదలుపెట్టాడు. సీసీజే ఉన్నవాళ్ళకి ఫైలు ముందే బలహీనంగా ఉంటుంది, ఇలాంటివి ముందే సిద్ధం చేసి పెట్టుకోండి. అన్నట్టు, ఇండియాలో సిబిల్ 800 ఉందని ఇక్కడ మురిసిపోవద్దు, మార్ట్‌గేజ్ వాడు దాన్ని చూడనే చూడడు.

ఫైలు కాస్త బలపడటానికి మనవాళ్ళలో చాలామంది చేయని పని ఒకటుంది, ఓటర్ల జాబితాలో చేరడం. మనం బ్రిటిష్ పౌరులం కాకపోయినా, కామన్‌వెల్త్ దేశం వాళ్ళం కాబట్టి సరైన వీసా మీద ఇక్కడ ఉంటున్న భారతీయులు పేరు నమోదు చేసుకోవచ్చు. లెండరుకి మన పేరూ అడ్రసూ రూఢి చేసుకునే చోట్లలో అదొకటి. డబ్బు ఖర్చు లేదు, కొద్ది నిమిషాల పని.

మావాడు 2 ఏళ్ళ ఫిక్స్ (అన్నాళ్ళూ వడ్డీ మారదు) తీసుకున్నాడు, 5 ఏళ్ళది కాస్త తక్కువకి వస్తున్నా వద్దన్నాం. కారణం మళ్ళీ తేదీలే. ఫిక్స్ అయిపోయేనాటికి తీర్పు పాతబడుతుంది, అప్పుడు రీమార్ట్‌గేజ్ చేసుకోవచ్చు, అంటే అప్పుని మామూలు బ్యాంకుకి మార్చుకోవచ్చు. 5 ఏళ్ళు కట్టుబడిపోతే మధ్యలో బయటికి రావడానికి ఎర్లీ రీపేమెంట్ చార్జీ పడుతుంది, సీసీజే ఫైల్ నుంచి పోయాక కూడా దాని వడ్డీ కడుతూ కూర్చోవాలి. మీ తీర్పు తేదీకి 6 ఏళ్ళు కలిపి ఒక కాగితం మీద రాసుకుని, ఫిక్స్ ముగిసే నెల దాని తర్వాత పడేలా చూడమని బ్రోకర్‌కి చెప్పండి. 6 ఏళ్ళు నిండటానికి కొన్ని నెలలే ఉంటే అసలు ఆగడమే మేలు, అద్దె కడుతున్నా సరే.

ఇంకో సంగతి, ప్రాజెక్టు అయిపోయి ఇండియా వెళ్ళిపోయేవాళ్ళకి. కరెంటు, గ్యాస్ చివరి బిల్లులు, ఫోన్ కాంట్రాక్టు, ఇవన్నీ మీరు విమానం ఎక్కాక వస్తాయి, చూసుకోకపోతే ఇలాగే సీసీజేలు కావచ్చు. మీటరు రీడింగ్ ఫోటో తీసి పెట్టుకోండి, కారు అమ్మితే డీవీఎల్ఏకి ఆ రోజే చెప్పండి, రాయల్ మెయిల్ రీడైరెక్షన్ పెట్టుకుంటే కొన్నాళ్ళు మీ ఉత్తరాలు నమ్మకమైన స్నేహితుడి ఇంటికి వస్తాయి. ఆ స్నేహితుడు కవర్లు విప్పి ఫోటో తీసి పంపేవాడై ఉండాలి, కట్టకట్టి అటక మీద పెట్టేవాడైతే ప్రయోజనం లేదు.