సిడ్నీ 'మాత్ర' టవర్ మోడల్: ఆరో వారం

నిన్న రాత్రి స్తంభాన్ని దిమ్మ మీద నిలబెట్టాను. స్పిరిట్ లెవెల్ ఆనించి చూస్తే బుడగ మధ్యలోనే ఉంది. ఈ ఆరు వారాల్లో మొదటిసారికే కుదిరిన పని ఇదొక్కటే.

చేస్తున్నది సిడ్నీ హార్బర్ కంట్రోల్ టవర్. 1974లో మిల్లర్స్ పాయింట్ దగ్గర కట్టారు, ఎత్తు 87 మీటర్లు. 2016లో పడగొట్టేశారు. నేను ఈ ఊరొచ్చేసరికే లేదు, ఫోటోల్లో చూడ్డమే. మాది విశాఖ. డాల్ఫిన్స్ నోస్ పక్కనుంచి సన్నటి కాలువలోకి ఓడలు దూరుతుంటే చూస్తూ పెరిగినవాణ్ణి. వాటికి దారి చెప్పేవాళ్లు ఎక్కడ కూర్చుంటారా అన్న ఆరా అప్పటిది.

స్కేలు 1:200. అంటే 43.5 సెంటీమీటర్లు. ప్లాను దొరకలేదు కాబట్టి దూరం నుంచి తీసిన ఒక ఫోటో ప్రింటు తీసి, మొత్తం ఎత్తుని 87గా పట్టుకుని మిగతావన్నీ స్కేలుతో కొలిచాను. కింద నుంచి తీసిన ఫోటోలు దీనికి పనికిరావు, తల చిన్నదైపోతుంది. స్తంభానికి కరెంటు వైరింగుకి వాడే పీవీసీ పైపు తీసుకున్నా. 25 మిల్లీమీటర్లది ఫోటో పక్కన పెడితే లావుగా కనిపించింది, 20ది సరిపోయింది. పైపు నున్నగా ఉంటే రంగు పెచ్చులూడిపోతుంది. 240 నంబరు గరుకు కాగితంతో రుద్ది, ప్రైమర్ కొట్టి, బూడిద రంగులో చెంచాడు టాల్కం పౌడరు కలిపి స్పాంజితో అద్దాను. అచ్చం కాంక్రీటే.

పేరు సంగతి చెప్పాలి. ఓడ ఆగే చోటు బెర్త్, పుట్టుక బర్త్. మనం వేరేగా రాస్తాం గానీ ఇక్కడివాళ్ల నోట రెండూ ఒకటే. బెర్త్‌లని కంట్రోల్ చేసేది కాబట్టి జనం దీన్ని 'పిల్' అన్నారు, గర్భనిరోధక మాత్ర అన్నమాట! ఆ పేరెందుకని మా అమ్మాయి అడిగితే, తల మాత్రలా గుండ్రంగా ఉంటుందిగా అని తప్పించుకున్నా.

ఆ తల దగ్గరే దెబ్బ తిన్నాను. కిటికీలకి ఓహెచ్‌పీ షీటు, అంటే అద్దంలా అవతలివి కనిపించే ప్లాస్టిక్ షీటు, పట్టీ కోసి, సూపర్ గ్లూతో అంటించి, దుమ్ము పడకుండా డబ్బా బోర్లించి పడుకున్నా. పొద్దున్న చూస్తే అద్దాలన్నీ తెల్లగా, మంచు పట్టినట్టు. ఆ జిగురు ఆవిరి బయటికి పోయే దారి లేక షీటు మీదే పేరుకుంది. గుడ్డతో తుడిస్తే గీతలు పడ్డాయి. మొత్తం పీకేసి మళ్లీ కోశాను. ఈసారి ఫెవికాల్, అగ్గిపుల్ల కొనతో చుక్క చుక్కగా. ఆరడానికి రాత్రంతా పట్టినా మరక లేదు.

ఈ గుండ్రటి గదిలోంచే ఓడల రాకపోకలు కనిపెడుతూ రేడియోలో మాట్లాడేవాళ్లు. అంతకు చాలా ముందు, 1790లోనే, సౌత్ హెడ్ కొండ మీద జెండా కొయ్య నాటారు. సముద్రంలో ఓడ కనపడగానే జెండా ఎగిరేది, ఊళ్లోకి కబురు అందేది. ఎత్తెక్కి చూడ్డం అన్నది మాత్రం మారలేదు. 1979లో పోర్ట్ బోటనీ వచ్చాక సరుకు మెల్లిగా అటు మళ్లింది. 2011లో కంట్రోల్ పని కూడా అక్కడికే పోయింది, టవర్ ఖాళీ.

దిమ్మ ఏ సంవత్సరానిది చెయ్యాలన్నది రెండు వారాలు తేలలేదు. టవర్ కింద మొదట కాంక్రీటు రేవు ఉండేది. దాన్ని తవ్వి చేసిన బారంగారూ పార్కు 2015 ఆగస్టులో తెరిచారు. పార్కూ టవరూ కలిసి ఉన్నది ఏడాదికి అటూ ఇటూ అంతే. చూడ్డానికి ఆ ఏడాదే బాగుంటుంది గానీ, పార్కు ఒడ్డున పేర్చినవి సుమారు 10,000 ఇసుకరాతి దిమ్మలు. నా వల్ల కాదు. 1980ల రేవే చేస్తున్నా. వెనక కొండ కోతకి థర్మోకోల్ చాలు, పొరలు అడ్డంగా చాకుతో గీస్తే ఇసుకరాయిలా వస్తుంది.

పక్కన హార్బర్ బ్రిడ్జి కూడా పెట్టమంటోంది అమ్మాయి. ఆర్చి ఒక్కటే 503 మీటర్లు తల్లీ, ఈ స్కేల్లో రెండున్నర మీటర్లు, సోఫా తీసేయాలి అన్నాను. వాళ్లమ్మ వంటింట్లోంచే వద్దంది.

వచ్చే శనివారం రైలింగు. పాత ఫోను ఛార్జర్ వైరు చీల్చితే సన్నటి రాగి పోగులు వచ్చాయి, అవి వాడతా.