పాప ఊపిరి లెక్కపెట్టిన రాత్రి

మా పాపకు 7 నెలలు నిండిన వారానికి జలుబు చేసింది. మూడవ రోజు సాయంత్రం జ్వరం 101 డిగ్రీలకు చేరగానే నా ధ్యాసంతా థర్మామీటరు మీదకు మళ్లింది. పారాసెటమాల్ చుక్కలు వేశాక అది 99కి దిగడంతో గండం గడిచిందనుకున్నాను. రాత్రి 9 గంటలకు పాప సగం పాలే తాగి వదిలేసినా పట్టించుకోలేదు.

11 గంటలకు మళ్లీ పాలు పట్టబోతే రెండు గుక్కలు తాగి, రొమ్ము వదిలి, ఊపిరి కోసం ముఖం పక్కకు తిప్పుకుంది. అత్తయ్య పాప చొక్కా పైకెత్తి చూసి, "అమ్మాయ్, పాప డొక్కలెగరేస్తోందే" అన్నారు. ఊపిరి తీసుకున్న ప్రతిసారీ పక్కటెముకల కింద లోపలికి గుంజుకుపోతోంది. చెవి ఆనిస్తే సన్నగా పిల్లికూతలు. టీకాల రోజున ఏఎన్‌ఎం గారు చెప్పిన లెక్క అప్పుడు గుర్తొచ్చింది: 2 నెలల లోపు బిడ్డకు నిమిషానికి 60, ఆ పైన ఏడాది నిండేవరకు 50, తరువాత ఐదేళ్ల వరకు 40, లేదా అంతకు మించి ఊపిరి తీస్తుంటే అది వేగమే. ఏడుస్తున్నప్పుడు లెక్క తప్పుతుంది కనుక, బిడ్డ కుదురుగా ఉన్నప్పుడు పొట్ట కదలికను చూస్తూ నిమిషం పూర్తిగా లెక్కించాలన్నారు. ఫోనులో గడియారం పెట్టుకుని రెండుసార్లు లెక్కపెట్టాను. మొదట 66, తరువాత 68.

అప్పటికీ 108కి ఫోన్ చేయడానికి చేయి రాలేదు. అది రోడ్డు ప్రమాదాలకు, పురుళ్లకు కదా, జలుబు చేసిన బిడ్డకోసం పిలిస్తే నిజంగా అవసరమైనవారికి బండి అందదేమోనన్న బెరుకు నన్ను పట్టుకుంది. మామయ్య మోటారు సైకిల్ బయటకు తీశారు. ఆసుపత్రి 22 కిలోమీటర్లు. ఆ మంచులో, చలిగాలిలో, దారి మధ్యలో పాపకు ఊపిరి అందకపోతే మన చేతిలో ఏముంటుందని అత్తయ్యే అడిగారు. ఆక్సిజన్ ఉన్నది 108 బండిలోనే. ఆ మాట విన్నాక ఇక ఆగలేదు.

ఫోన్ ఎత్తినవారు ఊరు, మండలం, దగ్గరలోని గుర్తు, పాప వయసు అడిగి, పెదవులు నీలంగా మారాయా, పిలిస్తే చూస్తోందా అని ఆరా తీశారు. పెదవులు మారలేదు గానీ, చూపు మాత్రం మగతగా ఉంది. మామయ్య టార్చిలైటుతో రోడ్డు మీద నిలబడ్డారు. నేను పాపను నిటారుగా ఒడిలో కూర్చోబెట్టుకున్నాను. 25 నిమిషాలకు బండి వచ్చింది. అందులోని ఈఎంటీ, అంటే అత్యవసర వైద్య సహాయకుడు, పాప కాలి వేలికి క్లిప్పు పెట్టగా రక్తంలో ఆక్సిజన్ 88 శాతం చూపించింది, వెంటనే మాస్కు పెట్టారు.

బ్రాంకియోలైటిస్ అన్నారు డాక్టరు గారు. వైరస్ వల్ల ఊపిరితిత్తుల్లోని సన్నని గొట్టాలు వాచి పూడుకుపోతాయని, దానికి యాంటీబయాటిక్స్ పనిచేయవని, ఆక్సిజన్, పాలు అందిస్తూ కనిపెట్టుకుని ఉండటమే వైద్యమని వివరించారు. ఆయన మొదట అడిగింది జ్వరం గురించి కాదు, పాలు ఎప్పటినుంచి తగ్గించిందని. తొమ్మిది గంటలనుంచని చెప్పేటప్పుడు నా గొంతు పెగల్లేదు.

ఆసుపత్రిలో చేరిన మూడవ రోజు తెల్లవారుజామున పాప పది నిమిషాలు వదలకుండా పాలు తాగింది. తాగినంతసేపూ అత్తయ్య చొక్కా పైకెత్తి పట్టుకుని, డొక్కల వంకే చూస్తూ కూర్చున్నారు.