నీలం, ఆకుపచ్చ, తెలుపు: బ్రిటన్ రోడ్డును చదవడం

హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో బ్రిటన్ వచ్చి కారు కొన్నవాళ్లకు స్టీరింగు కొత్త కాదు. అక్కడా ఎడమ పక్కే నడిపారు, ఇక్కడా ఎడమ పక్కే. కొత్తగా కనిపించేది బోర్డు. రౌండబౌట్‌కు, అంటే వలయం చుట్టూ తిరిగి పోయే కూడలికి, ముందు పెద్ద ఆకుపచ్చ పలక, దాని మీద అరడజను ఊళ్ల పేర్లు, రెండు మూడు పసుపు నంబర్లు, మధ్యలో ఒక నీలం ముక్క. చదవడానికి దొరికేది కొద్ది సెకన్లు. అది అలవాటు కాక చాలామంది దారి చెప్పే సాట్‌నావ్ గొంతునే నమ్ముకుంటారు. తెల్లవారుజామున డ్యూటీకి బయలుదేరే కేర్ వర్కరుకు, తరచూ ఆస్పత్రి మారే జూనియర్ డాక్టరుకు, క్లయింట్ ఆఫీసుల చుట్టూ తిరిగే ఐటీ ఉద్యోగికి ఆ గొంతు ఒక్కటే చాలదు. ఒక పోస్ట్‌కోడ్ కింద సగటున 15 చిరునామాలు ఉంటాయి. పల్లెల్లో ఆ ఇళ్లు దూరదూరంగా ఉంటాయి కాబట్టి, పొలాల మధ్య చీకట్లో సాట్‌నావ్ ‘వచ్చేశారు’ అని ఊరుకుంటుంది. అక్కణ్నుంచి దారి చూపేది బోర్డే.

ముందు రంగు. నీలం పలక మోటర్‌వే, మన ఎక్స్‌ప్రెస్‌వే లాంటిది. ఆకుపచ్చ పలక ప్రైమరీ రూటు, అంటే ముఖ్యమైన పట్టణాలను కలిపే ‘ఏ’ (A) రోడ్డు. దాని మీద ఊళ్ల పేర్లు తెలుపులో, రోడ్డు నంబరు పసుపులో ఉంటాయి. తెల్ల పలక మీద నల్ల అక్షరాలుంటే మిగతా ‘ఏ’ రోడ్లు, ‘బీ’ (B) రోడ్లు, స్థానిక దారులు. మన దగ్గర కిలోమీటరు రాయి తలకు పసుపు రంగుంటే జాతీయ రహదారి, ఆకుపచ్చ ఉంటే రాష్ట్ర రహదారి అని గుర్తుపట్టినట్టే ఇదీ. తికమక ఎక్కడంటే, ఒకే పలక మీద రెండు రంగులు ఉన్నప్పుడు. సాధారణంగా పలక మొత్తానికి ఉన్న రంగు మీరు ఇప్పుడున్న రోడ్డుది, లోపల అతికించినట్టుండే ముక్క రంగు మీరు ఎక్కబోయే రోడ్డుది. ఇక నంబరు బ్రాకెట్లో ఉంటే, ఉదాహరణకు (ఎం4) అని, ఆ రోడ్డు ఈ మలుపులో దొరకదు, ఈ దారిన పోతే ముందెక్కడో దొరుకుతుంది. బ్రాకెట్టును గమనించక మొదటి మలుపులోనే తిరిగి దారి తప్పేవాళ్లు చాలామంది.

రౌండబౌట్ బొమ్మను పైనుంచి చూసిన ప్లానులా గీస్తారు. కింద మీరు వచ్చే దారి ఉంటుంది. ముఖ్యమైన దారులకు లావు గీత, చిన్న వీధులకు సన్న గీత. వలయం కూడా పూర్తిగా మూసుకోదు. మీరు ప్రవేశించే చోటికి కుడి పక్కన చిన్న ఖాళీ వదులుతారు, అటు తిరగకూడదని చెప్పడానికి. నిష్క్రమణలను ఆ ఖాళీకి అవతలి వైపు, అంటే ఎడమ నుంచి లెక్కపెట్టాలి.

ఈ పద్ధతి వెనక ఇద్దరున్నారు: జాక్ కినీర్, మార్గరెట్ కాల్వర్ట్. బ్రిటన్‌లో తొలి మోటర్‌వే, ఎనిమిది మైళ్లకు కాస్త ఎక్కువ పొడవున్న ప్రెస్టన్ బైపాస్, 1958 డిసెంబరు 5న తెరుచుకుంది. దాని బోర్డులు వీళ్లు చేసినవే. ఆ తర్వాత దేశంలోని మిగతా రోడ్ల బోర్డులన్నీ వీళ్ల చేతికే వచ్చాయి, కొత్త నిబంధనలు 1965 జనవరి 1 నుంచి అమలయ్యాయి. కాల్వర్ట్ దక్షిణాఫ్రికాలో పుట్టి 1950లో ఇంగ్లండు వచ్చిన మనిషి. ఈ దేశపు వీధుల ముఖాన్ని గీసిన చేయి వలస వచ్చిన చేయి అని ప్రతి ప్రవాసికీ తెలియాలి.

వాళ్ల అక్షరాల పేరు ట్రాన్స్‌పోర్ట్. ఊరి పేరంతా పెద్దబడి అక్షరాల్లో రాస్తే దూరం నుంచి ప్రతి పేరూ ఒకేలాంటి దీర్ఘచతురస్రంలా కనిపిస్తుంది. చిన్నబడి అక్షరాల్లో కొన్నిటికి కొమ్ములు పైకి, కొన్నిటికి తోకలు కిందికి వస్తాయి కాబట్టి అక్షరాలు విడివిడిగా అందకముందే పేరు రూపం కంటికి అందుతుంది. గుడులు, కొమ్ములు, కింది ఒత్తులతో పదాన్ని పట్టుకునే తెలుగు కంటికి ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. ముదురు నేల మీది తెల్ల అక్షరాలు హెడ్‌లైటు పడగానే ఉబ్బినట్టు కనిపిస్తాయి. అందుకే నీలం, ఆకుపచ్చ పలకల మీద కాస్త సన్న అక్షరం, తెల్ల పలక మీద నల్లగా కాస్త లావు అక్షరం వాడతారు. పలక మీద ఖాళీ కూడా లెక్క ప్రకారమే ఉంటుంది. చిన్నబడి అక్షరం ఎత్తులో నాలుగో వంతును ఒక కొలతగా పెట్టుకుని అంచు, వరుసల మధ్య దూరం, పేర్ల మధ్య జాగా అన్నీ దానితోనే కొలుస్తారు. వేగం పెరిగే రోడ్డులో అక్షరం ఎత్తు పెంచితే పలక మొత్తం అదే నిష్పత్తిలో పెరుగుతుంది.

నంబర్లలోనూ ఒక పటం దాగి ఉంది. ఏ1 నుంచి ఏ6 దాకా లండన్ నుంచి గడియారపు ముల్లు దిశలో చీలిపోయే దారులు. ఏ7, ఏ8, ఏ9 ఎడిన్‌బరా నుంచి. రెండు దారుల మధ్య ఉన్న ముక్కలోని రోడ్లు ముందున్న దారి అంకెతో మొదలవుతాయి. మనవాళ్లు ఎక్కువగా ఉండే రెడింగ్‌నే చూడండి. ఊరి మధ్యగా ఏ4 పోతుంది. దానికి దక్షిణాన ఏ33, ఏ327 ఉంటే, ఉత్తరాన ఏ4074, ఏ4155. నంబరులో మొదటి అంకె చూస్తే ఏ4కు ఏ పక్కన ఉన్నారో తెలిసిపోతుంది. రెండు ముక్కలు దాటే రోడ్డుకు చిన్న అంకె వస్తుంది, కాబట్టి మినహాయింపులు కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు. ఎం4 మీద జంక్షన్ నంబర్లు లండన్ వైపు తగ్గుతాయి. రెడింగ్ దగ్గర 11, 10, మెయిడెన్‌హెడ్ దగ్గర 8/9 అని ఒకే జంక్షన్‌కు జంట నంబరు, స్లౌ దగ్గర 7, 6, తర్వాత 5, లండన్ చుట్టూ తిరిగే ఎం25 కలిసేచోట 4బి, హీత్రో దగ్గర 4. ఎనిమిది తర్వాత తొమ్మిదో జంక్షన్ కోసం వెతికితే దొరకదు.

మోటర్‌వే మీద కారు ఆగిపోతే ‘రెడింగ్ దాటాక ఎక్కడో’ అంటే సహాయం త్వరగా రాదు. రోడ్డు పక్కన సుమారు 500 మీటర్లకొకటి చిన్న నీలం పలక ఉంటుంది, మూడు వరుసలతో. మొదటిది రోడ్డు నంబరు, రెండోది ఏ లేదా బీ, మూడోది 57.3 లాంటి అంకె. మామూలుగా లండన్ నుంచి దూరంగా పోయే వైపు ఏ, తిరిగి వచ్చే వైపు బీ. ఎం25 మీద గడియారపు ముల్లు దిశ ఏ. మూడో అంకె కిలోమీటర్లలో ఉంటుంది. దూరం చెప్పే మామూలు బోర్డులు మైళ్లలో, గజాల్లో చెబుతుంటే ఇది కిలోమీటర్లలో చెబుతుంది. ఈ మూడు వరుసలూ చదివి చెబితే మీ జాగా వందల మీటర్ల తేడాలో తెలుస్తుంది. ఎం4 మీద 3 నుంచి 12వ జంక్షన్ దాకా పక్కన ఆగడానికి హార్డ్ షోల్డర్ లేదు. అక్కడ నారింజ రంగు నేలతో కనిపించే అత్యవసర జాగాలే గతి, అవి ఏ జంక్షన్ల మధ్య ఉన్నాయో ముందే చూసుకోవాలి. తల మీది గ్యాంట్రీలో ఎర్ర ఇంటూ గుర్తు వెలిగితే ఆ లేన్ మూసేశారని అర్థం. అందులో పోతే 100 పౌండ్ల జరిమానా, లైసెన్సు మీద మూడు శిక్ష పాయింట్లు.

రాత్రి డ్యూటీ వాళ్లకు నేల మీద మెరిసే క్యాట్స్ ఐస్ ఇంకో భాష. లేన్ల మధ్య తెలుపు, ఎడమ అంచున ఎరుపు, కుడి పక్క డివైడర్ వెంట కాషాయం, దిగే ఎక్కే దారుల ముఖద్వారాల్లో ఆకుపచ్చ. పొగమంచులో గీతలు కనిపించనప్పుడు ఇవే దారి.

కొత్తవాళ్లు మోటర్‌వేకు భయపడతారు, పల్లెదారికి భయపడరు. లెక్కలు తిరగేసి చెబుతాయి. గ్రేట్ బ్రిటన్‌లో 2023లో రోడ్డు ప్రమాదాల్లో 1,624 మంది చనిపోయారు. అందులో సగానికి మించి పల్లె రోడ్ల మీదే. రోడ్ల పొడవులో నూటికి ఒక వంతే ఉండి, మొత్తం రాకపోకల్లో ఐదో వంతు మోసే మోటర్‌వేల మీద చనిపోయినవాళ్లు నూటికి పదిమంది కన్నా తక్కువ. డివైడర్ లేని పల్లెదారిలో, తెల్ల వృత్తం మీద నల్ల ఏటవాలు గీత కనిపిస్తే గంటకు 60 మైళ్లు, అంటే దాదాపు 97 కిలోమీటర్లు, పోవడానికి చట్టం అడ్డు చెప్పదు. ఆ వేగంలో పూర్తిగా ఆగడానికి 73 మీటర్లు కావాలి. రెండు పక్కలా ఎత్తయిన పొదల కంచె, మలుపులో ట్రాక్టరు. అక్కడ 73 మీటర్ల చూపు ఎన్నిచోట్ల దొరుకుతుంది? కనిపించే దూరంలో ఆగగలిగే వేగమే సరైన వేగం.

మీ దారి గురించి ఇంత వివరం ఉచితంగానే దొరుకుతుంది. రవాణా శాఖ లెక్కింపు కేంద్రాల పటంలో మీ రోడ్డును నొక్కితే రోజుకు సగటున ఎన్ని వాహనాలు పోతాయో వస్తుంది. ఆ సగటు ఏడాది మొత్తానిది, ఆదివారాలు కూడా కలిపి. ఉదయం ఎనిమిదింటి రద్దీ అందులో కనిపించదు. గంటగంటకూ మనుషులు నిలబడి లెక్కపెట్టిన ముడి పట్టిక కూడా ఉంది, దాన్నే తీసుకోవాలి. అది ఉదయం 7 నుంచి సాయంత్రం 7 దాకానే. రాత్రి షిఫ్టు వాళ్లు ఇంగ్లండు పెద్ద రోడ్లను చూసుకునే నేషనల్ హైవేస్ సంస్థ వాళ్ల వెబ్‌ట్రిస్ సైటులో పదిహేను నిమిషాలకొకసారి నమోదైన అంకెలు చూడాలి, అయితే అవి మోటర్‌వేలకు, పెద్ద ‘ఏ’ రోడ్లకే ఉంటాయి. ఇంకో జాగ్రత్త: పట్టికలో ‘లెక్కించినది’, ‘అంచనా’ అని వేర్వేరుగా రాసి ఉంటుంది. అంచనా అంకెను నమ్మి రెండేళ్ల మార్పు చూడకండి.

ప్రమాదాల పట్టిక పేరు స్టాట్స్19. మనిషికి గాయమై పోలీసు లెక్కలోకి వచ్చిన ప్రమాదాలే అందులో ఉంటాయి. వాటిని పటం మీద పెట్టినప్పుడు చుక్కలు ఎక్కువ ఉన్న రోడ్డు ప్రమాదకరమని తేల్చకూడదు, రాకపోకలతో భాగించాలి. రోజుకు 20,000 వాహనాలు పోయే ఐదు మైళ్ల రోడ్డంటే ఏడాదికి 3.65 కోట్ల వాహన మైళ్లు. ఐదేళ్లలో అక్కడ 18 ప్రమాదాలు జరిగితే కోటి మైళ్లకు ఒకటి చొప్పున. పక్కనున్న పల్లెదారి అయిదు మైళ్లే, రోజుకు 2,000 వాహనాలే, ప్రమాదాలు ఆరే. అయినా కోటి మైళ్లకు మూడు దాటుతాయి.

ఇదంతా ఒక కాగితం మీదికి తేవచ్చు. 1675లో జాన్ ఓగిల్బీ ఇంగ్లండు, వేల్స్ దారులను చుట్ట విప్పినట్టు నిలువు పట్టీలుగా, మైలుకు ఒక అంగుళం చొప్పున గీయించాడు. ప్రతి పట్టీలో దారి కింది నుంచి పైకి సాగేలా నిలబెట్టి, దిక్కు మారిన చోటల్లా దిక్సూచి బొమ్మ వేశాడు. మనకు ఏ4 కాగితం, మైలుకు ఒక సెంటీమీటరు సరిపోతాయి. 25 మైళ్ల దారి 25 సెంటీమీటర్లు. కింద ఇల్లు, పైన డ్యూటీ. గీతకు బోర్డుల రంగులే వేయండి. ఎడమ పక్కన జంక్షన్ నంబరు, ఆ బోర్డు మీద నిజంగా ఉండే ఊరి పేరు రాయండి. మీరు వెళ్లే ఊరి పేరు చాలాసార్లు బోర్డు మీద ఉండదు, ‘ది వెస్ట్’, ‘ది నార్త్’ అనే ఉంటుంది. కుడి పక్కన వేగ పరిమితి మారే చోట్లు. వేల్స్‌లోకి వెళ్లేవాళ్లు 2023 సెప్టెంబరు నుంచి వీధి దీపాలున్న ఊరి దారుల్లో మామూలు పరిమితి 20 అని గుర్తుపెట్టుకోవాలి. పక్కనే రెండో పట్టీ ఐదు నిమిషాలకు ఒక సెంటీమీటరు చొప్పున గీస్తే, మోటర్‌వే మీది 15 మైళ్లు కుదించుకుపోయి, ఊళ్లోని చివరి మూడు మైళ్లు బారుగా సాగి కనిపిస్తాయి. ఆలస్యం ఎక్కడ పుడుతుందో అక్కడే తెలుస్తుంది. ఈ కాగితం ఇంట్లో చదవడానికి, నడుపుతూ చూడటానికి కాదు.

భారతీయ లైసెన్సు ఇక్కడ నివాసం మొదలైన రోజు నుంచి 12 నెలలే చెల్లుతుంది, మార్పిడి లేదు, పరీక్ష రాయాల్సిందే. పాసయ్యాక మొదటి రెండేళ్లలో ఆరు పాయింట్లు పడితే లైసెన్సు రద్దు. ఫోను చేత్తో పట్టుకుని దొరికితే ఒక్కసారికే ఆరు. మన ఊళ్లో పదేళ్లు నడిపిన అనుభవం ఇందులో లెక్కకు రాదు. పలు ఇళ్లకు తిరిగే ఉద్యోగమైతే బీమాలో ‘కమ్యూటింగ్’ చాలదు, ‘బిజినెస్’ వాడకం ఉందో లేదో చూసుకోండి.

మీ పట్టీలో ప్రతి మోటర్‌వే జంక్షన్ పక్కన కొంచెం జాగా వదలండి. మరమ్మతుల కోసం రాత్రిపూట మోటర్‌వే మూసినప్పుడు, దిగే చోట పసుపు ముక్క మీద నల్ల చతురస్రం, వృత్తం, త్రిభుజం, వజ్రం ఆకారాల్లో ఒకటి కనిపిస్తుంది. కొన్ని నిండుగా ఉంటాయి, కొన్ని ఖాళీగా. నిండు త్రిభుజంతో దిగితే మళ్లీ మోటర్‌వే ఎక్కేదాకా నిండు త్రిభుజాన్నే అనుసరించాలి, ఖాళీ త్రిభుజం వేరే దారి. ఆ గుర్తులు ఏడాది పొడవునా బోర్డుల మూలల్లో ఉంటాయి కాబట్టి, పగటిపూట పోతున్నప్పుడు పక్క సీటులో ఉన్నవాళ్లతో చదివించి, ఏ జంక్షన్‌కు ఏ గుర్తో ఆ జాగాలో గీసుకోండి.