జాతకంలో నాన్నని ఎక్కడ చూడాలి?

"రవి నీచలో ఉన్నాడు, అందుకే వీడికి నాన్నతో పడదు" అని ఒక్క ముక్కలో తేల్చేసేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. తులలో రవి, అంటే సూర్యుడు, నీచే (బలం బాగా తగ్గినవాడే), కాదనను. కానీ ఏటా అక్టోబరు 17 ప్రాంతం నుంచి నవంబరు 16 దాకా ఆయన ఉండేది తులలోనే, అంటే ఆ నెలలో పుట్టిన ప్రతివాళ్ళకీ రవి నీచే. వాళ్ళందరి నాన్నలూ చేతకానివాళ్ళా? అదే ఇంట్లో అన్నగారు ఏప్రిల్ చివర్లో పుట్టి ఉంటే అతనికి రవి మేషంలో ఉచ్చలో, అంటే మంచి బలంతో, ఉంటాడు. ఇద్దరికీ తండ్రి ఒక్కడేగా!

నా ఉద్దేశంలో పిల్లల జాతకం చెప్పేది ఆ నాన్న ఎలాంటివాడని కాదు, ఆయన వల్ల ఈ బిడ్డకి ఏం అందుతుందని. ఇది మనసులో పెట్టుకుని చూస్తే చాలా భయాలు వాటంతటవే పోతాయి.

రవి పితృకారకుడు, అంటే తండ్రిని సూచించే గ్రహం, అది అందరికీ తెలుసు. దాంతో ఆగిపోకూడదు. లగ్నం (పుట్టిన వేళకి తూర్పున ఉదయించే రాశి) నుంచి తొమ్మిదో ఇల్లు, దాని అధిపతి ఎక్కడున్నాడు, ఎవరితో ఉన్నాడు అనేది చూడాలి. ఉత్తరాదిలో కొందరు పదో ఇంటిని చూస్తారు, మన వైపు మాత్రం తొమ్మిదే. భాగ్యస్థానం, పితృస్థానం ఒకే ఇల్లు కావడం ఈ శాస్త్రంలో నాకు బాగా నచ్చిన విషయం. ధనుర్లగ్నం వాళ్ళకి ఆ ఇల్లు సింహం, కాబట్టి కారకుడూ అధిపతీ రవే, భారమంతా ఒక్క గ్రహం మీదే పడుతుంది. మిథున లగ్నానికైతే తొమ్మిదో అధిపతి శని, పైగా అష్టమాధిపతి కూడా ఆయనే. అక్కడ ఒక్క రవిని చూసి నాన్న గురించి మాట్లాడితే సగం జాతకం వదిలేసినట్టే.

ఇంకోటి చాలామంది పట్టించుకోరు. ప్రాచీన జ్యోతిష్కుడు వరాహమిహిరుడు తన బృహజ్జాతకంలో పగలు పుట్టినవాళ్ళకి తండ్రి రవి, రాత్రి పుట్టినవాళ్ళకి శని అన్నాడు. రాత్రి జాతకాల్లో నేను శనిని చూడకుండా ఏమీ చెప్పను. ద్వాదశాంశ చక్రం (ఒక్కో రాశినీ పన్నెండు భాగాలు చేసి వేసేది) కూడా తల్లిదండ్రుల కోసమే, కానీ అందులో ఒక్కో భాగం రెండున్నర డిగ్రీలే, లగ్నం సుమారు పది నిమిషాలకోసారి మారిపోతుంది. పుట్టిన టైము "రాత్రి ఎనిమిదిన్నర ఆ ప్రాంతం" అని చెబితే ఆ చక్రం పక్కన పెట్టేయడమే మంచిది.

"కారకో భావనాశాయ" (కారకుడు తను సూచించే ఇంట్లోనే ఉంటే ఆ ఇంటిని చెరుపుతాడు) అని ఇంకో బెదిరింపు ఉంది, రవి తొమ్మిదిలో ఉంటే తండ్రికి మంచిది కాదని. లెక్క వేసి చూడండి, రవి తొమ్మిదిలో పడేది ఇంచుమించు మధ్యాహ్నం ఒంటిగంటకీ మూడింటికీ మధ్య పుట్టినవాళ్ళకి. రోజూ ఆ వేళలో పుట్టే పిల్లలంతా తండ్రికి కీడేనా? రవి బలం, గురుదృష్టి, నడుస్తున్న దశ, ఇవేవీ చూడకుండా ఆ ఒక్క వాక్యం పట్టుకుని వేలాడటం అన్యాయం.

అన్నిటికంటే నన్ను బాధపెట్టేది మూల నక్షత్రం ఒకటో పాదం (నక్షత్రంలో మొదటి నాలుగో వంతు). చంద్రుడు ఒక పాదం దాటడానికి సుమారు ఆరు గంటలు పడుతుంది, ఆ ఆరు గంటల్లో పుట్టినందుకు పసిబిడ్డ మీద "తండ్రికి గండం" అని ముద్ర వేసేస్తారు. మళ్ళీ అదే నక్షత్రం వచ్చే 27వ రోజుకి శాంతి చేయించి, నూనెలో బిడ్డ నీడ చూసేదాకా నాన్న మొహం చూడకూడదంటారు. ఆ తర్వాత ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా, వ్యాపారంలో డబ్బు పోయినా, మాట ఆ పిల్ల మీదికే పోతుంది. శాంతి చేయించుకోండి, ఆచారం, నేను వద్దనను. కానీ తండ్రి ఆయుర్దాయం చూడాల్సింది తండ్రి జాతకంలో. పాప జాతకం పట్టుకుని టెన్షన్‌తో వచ్చే ప్రతి నాన్నకీ నేను చెప్పేది ఇదే: మీ పుట్టిన తేదీ, టైము కూడా తీసుకురండి, ముందు మీది చూద్దాం.