గ్లాక్ 23లో 9ఎంఎం బారెల్: ఆఖరి రౌండ్ ఇంకా మొండికేస్తోంది

ఎజెక్టర్ (ఖాళీ షెల్‌ని బయటికి తన్నే ముక్క) మార్చాను, స్ప్రింగ్ మార్చాను, తూటాలు మార్చాను. .40 తూటాల కోసం చేసిన నా గ్లాక్ 23 పిస్టల్‌లో 9ఎంఎం బారెల్ వేసి కాలుస్తున్నాను. ఇంత చేసినా 9ఎంఎం మేగజైన్‌లో ఆఖరి రౌండ్ పేలాక ఖాళీ షెల్ ఎగిరి పడకుండా, కాల్చినప్పుడు వెనక్కీ ముందుకీ కదిలే పైభాగమైన స్లైడ్‌కీ బారెల్‌కీ మధ్య ఇరుక్కుని నిటారుగా నిలబడుతోంది. పోయిన శనివారం కూడా అదే వరస. ముందు రౌండ్లన్నీ ఏ పేచీ లేకుండా వెళ్ళిపోతాయి, చివరిది మాత్రం మొరాయిస్తుంది. అది కూడా ప్రతిసారీ కాదు. ప్రతిసారీ ఆగితే కారణం పట్టుకోవడం తేలిక. ఒకసారి ఆగి ఒకసారి ఆగకపోతే ఏది పనిచేసిందో, ఏది చేయలేదో తేల్చుకోలేక ప్రాణం విసిగిపోతోంది.

ముందు తుపాకీ ఎంపిక సంగతి. డాలస్ చుట్టుపక్కల ఇండోర్ రేంజ్‌లలో నాకు కనిపించే మనవాళ్ళలో చాలామంది చేతిలో గ్లాక్ 19 ఉంటుంది. మా బావదీ అదే. నేను మాత్రం 23 తీసుకున్నాను. రెండూ పక్కపక్కన పెడితే స్లైడ్ మీద అంకె చదివితే తప్ప ఏది ఏదో చెప్పలేం. ఫ్రేమ్ ఒకటే, 4.02 అంగుళాల బారెల్ పొడవు ఒకటే, హోల్‌స్టర్ కూడా ఒకటే సరిపోతుంది. 19 వచ్చింది 1988లో, 9ఎంఎంకి. 23 వచ్చింది 1990లో, ఆ ఏడాదే బయటికొచ్చిన .40 ఎస్ అండ్ డబ్ల్యూ (స్మిత్ అండ్ వెసన్) తూటా కోసం. మేగజైన్‌లో 15కి బదులు 13 రౌండ్లు పడతాయి. అదే కొలతల్లో .357 సిగ్ తూటా కావాలంటే గ్లాక్ 32 ఉంది.

ఎఫ్‌బీఐ మళ్ళీ 9ఎంఎంకి మళ్ళాక చాలా పోలీసు శాఖలూ అదే దారి పట్టాయి. అవి వదిలేసిన .40లు వాడిన సరుకుగా దుకాణాలకి చేరాయి. నాదీ అలా వచ్చిన జెన్ 3 (మూడో తరం) పిస్టలే. బయట హోల్‌స్టర్ రాపిడికి అంచులు తెల్లబడ్డాయి గానీ లోపల అరుగుదల లేదు. 23 కొనడానికి ధర ఒక్కటే కారణం కాదు. పెద్ద షెల్ కోసం చేసిన స్లైడ్ చిన్న కాలిబర్‌కి (తూటా సైజుకి) దిగి రాగలదు, చిన్నది పైకి ఎక్కలేదు. 19 స్లైడ్ ముఖంలో .40 షెల్ అడుగు పట్టనే పట్టదు. అంటే 23 కొంటే మూడు కాలిబర్లకీ దారి తెరిచి ఉన్నట్టే.

సిగ్ పీ229 పిస్టల్ కూడా చాలాసేపు చేతిలో పట్టుకుని చూశాను. అందులోనూ .40, .357 సిగ్ బారెల్స్ ఒకదాని బదులు ఒకటి నేరుగా కూర్చుంటాయి. అల్యూమినియం ఫ్రేమ్ బరువు .357 కుదుపును బాగా మింగుతుంది. పనితనంలో దానికి వంక పెట్టలేం. కానీ మొదటి ట్రిగ్గర్ బరువుగా, తర్వాతివి తేలికగా ఉండే పద్ధతి నా వేలికి ఒంటబట్టలేదు. ప్రతి నొక్కూ ఒకేలా ఉండాలనుకునే వాళ్ళకి గ్లాకే హాయి అని నా నమ్మకం.

.357 సిగ్ గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. బారెల్ ఒక్కటే మార్చాలి. స్లైడ్, మేగజైన్, స్ప్రింగ్ అన్నీ .40వే. 125 గ్రెయిన్ల బరువున్న తూటా సెకనుకు 1350 అడుగుల దరిదాపుల్లో వెళ్తుంది, ఆ మోతకి పక్క లేన్ వాళ్ళు తిరిగి చూస్తారు. ఒక్క రౌండ్ కూడా ఆగలేదు. తూటాల ధరే భరించలేం.

ఇక 9ఎంఎం. బావ 19 లోని అసలు బారెల్ నా స్లైడ్‌లో పెడితే వదులుగా ఊగుతుంది, అందుకే .40 స్లైడ్‌కి సరిపోయే బయటి కొలతలతో చేసిన కన్వర్షన్ బారెల్ తీసుకున్నాను. మేగజైన్లు 19వే. బారెల్ బిగువుగా కూర్చుంది. కాగితం మీద తూటాల గుంపు కూడా బాగా వస్తోంది, దూరం 10 గజాలైనా 15 గజాలైనా .40 కంటే దగ్గరగా పడుతున్నాయి. తంటా అంతా షెల్ బయటికి వెళ్ళే దగ్గరే.

దీనికి నాకు తోచిన మొదటి కారణం స్లైడ్ వేగం. బయటి కొలత .40ది, లోపలి రంధ్రం 9ఎంఎంది, కాబట్టి ఈ బారెల్‌లో ఉక్కు ఎక్కువ, బరువూ ఎక్కువే. పైగా 9ఎంఎం తోసే బలం .40 కంటే తక్కువ. 115 గ్రెయిన్ చవక తూటాలతో షెల్స్ నా టోపీ మీదే పడేవి. విన్‌చెస్టర్ 124 గ్రెయిన్ నాటో (ఎక్కువ జోరున్న) రకానికి మారాక కాస్త దూరం ఎగరసాగాయి. స్పీర్ లామన్ 124 కూడా బాగుంది. ఈ పద్ధతిలో 115 కాల్చడం దండగ అని ఖాయం చేసుకున్నాను.

తర్వాత స్ప్రింగ్. అసలు స్ప్రింగ్ తీసి స్టీల్ రాడ్‌తో వచ్చే 15 పౌన్లది వేశాను. షెల్స్ ఇంకొంచెం జోరుగా ఎగిరాయి గానీ ఆఖరి రౌండ్ తీరు మారలేదు. ఆ తేలిక స్ప్రింగ్‌తో .40, .357 కాలిస్తే స్లైడ్ ఫ్రేమ్‌ని గట్టిగా బాదుతుంది కాబట్టి తీసి పక్కన పెట్టేశాను.

మూడోది ఎజెక్టర్. 23లో వచ్చే దాని మీద 1882 అని ఉంటుంది, అది .40, .357 కోసం. 9ఎంఎంకి పాతది 336, కొత్తది 30274. ముక్కు వంపులో తేడా పక్కపక్కన పెడితే కంటికే తెలుస్తుంది. 30274 ఎజెక్టర్ బిగించి ఉన్న ట్రిగ్గర్ హౌసింగ్ వేశాక షెల్స్ మొహం మీదికి రావడం పూర్తిగా మానేసి కుడివైపు వరసగా పడుతున్నాయి. కన్వర్షన్ బారెల్ కొనేవాళ్ళు దీనికీ డబ్బు పక్కన పెట్టుకోవాలి. మూడు పిన్నులు తీస్తే చాలు.

అయినా ఆఖరి రౌండ్ దారికి రాలేదు. అప్పుడు వెర్నియర్ తీశాను. 9ఎంఎం షెల్ అంచు నిర్ణీత కొలత 9.96 మి.మీ., .40ది 10.77 మి.మీ. అంటే నా స్లైడ్ ముఖం మీద 9ఎంఎం షెల్‌కి 0.8 మి.మీ. అదనపు చోటు దొరుకుతోంది. షెల్ చాంబర్‌లో ఉన్నంతసేపు ఆ వదులు కనిపించదు, చాంబర్ గోడలే దాన్ని నిలబెడతాయి. బయటికి వచ్చాక పట్టుకోవాల్సింది ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం ఒక్కటే. ఆ కొక్కెం లోపలికి రాగలిగిన మేరకే వస్తుంది, 0.8 మి.మీ. అంతా దాటి రాదు.

బారెల్ తీసేసి, స్లైడ్ చేతిలో పట్టుకుని, కొక్కెం కింద ఖాళీ .40 షెల్ దూర్చాను. ఊపినా కదలలేదు. 9ఎంఎం షెల్ దూర్చి స్లైడ్‌ని కొద్దిగా వంచితే చాలు, మెల్లగా జారి బల్ల మీద పడింది. మళ్ళీ పెట్టాను, మళ్ళీ జారింది. రేంజ్‌లో ఇంకో పరీక్ష చేశాను. చాంబర్‌లో ఒక్క రౌండ్ ఉంచి, మేగజైన్ తీసేసి కాల్చాను. షెల్ పక్కకి ఎగరకుండా ఖాళీ పిడి గుండా కిందికి జారిపోయింది. బావ 19తో అదే చేస్తే షెల్ చక్కగా కుడివైపు ఎగిరింది.

ఇప్పుడు లెక్క కుదురుతోంది. మేగజైన్‌లో రౌండ్లు ఉన్నప్పుడు కిందనున్న రౌండే ఖాళీ షెల్‌ని పైకి ఎత్తిపెట్టి ఎజెక్టర్ తగిలే దాకా నిలబెడుతోంది. ఆఖరి దానికి కింద ఫాలోవర్ (మేగజైన్‌లో తూటాలను పైకి నెట్టే పలక) తప్ప ఏమీ లేదు, అది రౌండ్ అంత నిండుగా ఆనదు. షెల్ కిందికి జారి ఎజెక్టర్‌కి వంకరగా తగిలి నిలబడిపోతోంది. నాటో రకంతో షెల్స్ మెరుగ్గా ఎగరడానికి కారణం కూడా ఇదే అయ్యుండాలి: స్లైడ్ జోరుగా వెనక్కి వస్తే షెల్‌కి జారే సమయం దొరకదు.

బావ మాత్రం "ఒరేయ్, తొమ్మిదే కాల్చాలనుకున్నప్పుడు తొమ్మిదే కొనుక్కోవాల్సిందిరా" అంటాడు. కేవలం 9ఎంఎం కావాలనుకునే వాళ్ళకి నేనూ అదే చెబుతాను, 19 తీసుకోండి. నాకు కావలసింది ఒకే పట్టు, ఒకే ట్రిగ్గర్‌తో మూడు కాలిబర్లు. అందులో రెండు దక్కాయి, మూడోదాన్ని వదిలే ఉద్దేశం లేదు.

ఒక జాగ్రత్త మాత్రం రాయక తప్పదు. .40 బారెల్ ఉన్నప్పుడు పొరపాటున 9ఎంఎం రౌండ్ పడితే అది లోపలికి వెళ్ళి పేలగలదు, షెల్ చీలిపోతుంది. అందుకే బల్ల మీద ఒక్కసారికి ఒక్క కాలిబర్ డబ్బానే ఉంటుంది. బారెల్ మార్చే ముందు పాత తూటాలు, వాటి మేగజైన్లు సంచిలోకి వెళ్ళాల్సిందే.

తర్వాతి పని 9ఎంఎం ఎక్స్‌ట్రాక్టర్, దాని వెనక బేరింగ్‌తో సహా. ఏపెక్స్ వాళ్ళది ఆర్డర్ పెట్టాను. రాగానే ముందు ఇంట్లోనే షెల్ జారే పరీక్ష, అది నిలబడితేనే రేంజ్. అక్కడా కుదరకపోతే బారెల్ సంగతి పక్కన పెట్టి 19కి సరిపోయే పూర్తి 9ఎంఎం స్లైడ్ తీసుకుంటాను. జెన్ 3 ఫ్రేమ్ మీద అది నేరుగా ఎక్కుతుంది, కొక్కెం గొడవే ఉండదు.

దాని తర్వాత .22 కిట్. అడ్వాంటేజ్ ఆర్మ్స్ వాళ్ళు చేసేది స్లైడ్‌తో సహా వస్తుంది. హాంగ్‌ఝౌ ఏషియన్ గేమ్స్‌లో మన హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ 25 మీటర్ల పిస్టల్‌లో వెండి గెలిచింది .22తోనే. ఇండియాలో 9ఎంఎం ప్రొహిబిటెడ్ బోర్, మామూలు లైసెన్సు మీద దొరకదు. అక్కడి షూటింగ్ మిత్రులతో కాగితం మీద గుంపులు పోల్చుకోవాలంటే మా ఇద్దరికీ కలిసే కాలిబర్ అదొక్కటే. కిట్ వచ్చాక 25 గజాల కాగితాలతో మొదలుపెడతాను.